వంద టర్న్‌లు దాటాక తిరగబడే నగరాలు

ప్రశ్న: రోమ్ టోటల్ వార్ (2004 నాటి పాత ఆట) మీద ఒక మోడ్ (ఆట ఫైళ్లు మార్చి చేసే సొంత రూపం) తయారు చేస్తున్నాను. మొదటి వంద టర్న్‌లు ఆట చక్కగా సాగుతుంది. ఆ తర్వాత అలెగ్జాండ్రియా, కార్తేజ్, అంటియోక్, రోమ్ వరసగా తిరుగుబాటు చేస్తున్నాయి. ఎక్కడ చూసినా స్క్వాలర్ (రద్దీ వల్ల పుట్టే మురికి, దుర్భరత) బొమ్మలే. మురుగు కాలువలు, స్నానశాలలు, నీటి వంతెనలు అన్నీ కట్టినా కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదటికే వస్తోంది. నా మోడ్‌లో అలెగ్జాండ్రియా జనాభా పెరుగుదల ఇలా ఉంది: భూసారం 3.5 శాతం, పొలాలు 2.5, ఆరోగ్యం 2, వర్తకం 1. భూసారం తగ్గించి చూశాను. అప్పుడు గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ వైపు), జర్మేనియా ఊళ్లు 2000 జనాభా కూడా చేరడం లేదు. నగరాన్ని తిరగబడనిచ్చి, మళ్లీ గెలుచుకుని, ఊచకోత కోస్తే సరిపోతుందని టెస్టర్లు అంటున్నారు. నాకది నచ్చలేదు. ఇంతకీ నేను మార్చాల్సిన నంబర్ ఏది? బీటా (పరీక్ష వెర్షన్) ఇప్పటికే కొందరి దగ్గర ఉంది, వాళ్ల సేవ్‌లు ఏమవుతాయో అని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: టెస్టర్ల సలహా మీకు నచ్చకపోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. అసలు ఆటలో కూడా ఆ చిట్కా పనిచేస్తుంది. ఊచకోత ఆప్షన్ ఎంచుకుంటే జనాభాలో దాదాపు 75 శాతం పోతారు. జనం తగ్గితే స్క్వాలర్ కూడా తగ్గుతుంది కాబట్టి, మళ్లీ ఒక యాభై టర్న్‌లు ఆ నగరం ప్రశాంతంగా ఉంటుంది. అయితే ఒక సామ్రాజ్యాన్ని చక్కగా నడపడానికి సొంత రాజధాని ప్రజలను చంపడమే ఉత్తమ మార్గమని ఆట నేర్పుతోందంటే, తప్పు ఆ ఆటగాడిది కాదు, లెక్కలది. ఆ లెక్కలను సరిచేసే అవకాశం మోడ్ చేసేవాళ్ల చేతిలో ఉంటుంది. కాబట్టి దీన్ని చిన్న విషయంగా వదిలేయకండి.

ఇక మీరడిగిన నంబర్. స్క్వాలర్ అనే నంబర్ కోసం మీరు ఫైళ్లన్నీ వెతికే ఉంటారు. ఈ ఆటలో ఆ సూత్రం ప్రోగ్రామ్ లోపలే ఉంది, బయటి ఫైళ్లలో లేదు. (ఇదే వరసలో తర్వాత వచ్చిన మెడీవల్ 2 మీద మోడ్ చేసేవాళ్లకు ఆ సౌకర్యం ఉంది. డెస్కర్_సెటిల్‌మెంట్_మెకానిక్స్ అనే ఫైలులో స్క్వాలర్ ఎంత బలంగా పనిచేయాలో మార్చుకోవచ్చు. మీకు ఆ దారి లేదు.) కాబట్టి స్క్వాలర్‌ను నేరుగా ముట్టుకోలేరు. ముట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు. ఎందుకో చెబుతాను.

జనాభా పెరిగేకొద్దీ స్క్వాలర్ పెరుగుతుంది. అది రెండు చోట్ల దెబ్బ తీస్తుంది: పెరుగుదలలో కొంత శాతం కోస్తుంది, పబ్లిక్ ఆర్డర్‌లో (నగరం ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పే లెక్క) కొంత శాతం కోస్తుంది. పెరుగుదల సున్నాకు చేరేదాకా జనాభా పెరుగుతూనే ఉంటుంది. అంటే భూసారం, పొలాలు, ఆరోగ్యం, వర్తకం అన్నీ కలిపి ఎంత ప్లస్ ఉందో, స్క్వాలర్ మైనస్ కూడా సరిగ్గా అంతయ్యేదాకా నగరం ఆగదు. మీ అలెగ్జాండ్రియాలో ఆ ప్లస్‌లన్నీ కలిపితే 9 శాతం. కాబట్టి ఆ నగరం చివరికి 9 శాతం పెరుగుదలను మింగేసేంత స్క్వాలర్ వచ్చాకే నిలబడుతుంది. ఆ స్థాయి స్క్వాలర్‌ను పబ్లిక్ ఆర్డర్ వైపు ఏ గవర్నరూ, ఏ గ్యారిసనూ (నగరంలో ఉంచే సైన్యం) మోయలేరు. వందో టర్న్ దగ్గర మీరు చూస్తున్న తిరుగుబాటు మొదటి టర్న్‌లోనే ఖాయమైపోయింది. 9 శాతం ప్లస్ ఇచ్చిన రోజే దానికి తేదీ పడింది.

మీ మోడ్ మొత్తానికి ఈ ఒక్క మాట ఆధారం చేసుకోండి: నగరం చివరి స్క్వాలర్ ఎంతో నిర్ణయించేది దాని ప్లస్‌ల మొత్తం. జనాభా ఎంతకు చేరుతుందన్నది ఆ తర్వాతి సంగతి. ప్లస్‌లు 4 శాతం దగ్గర ఆపితే స్క్వాలర్ కూడా ఆ 4 శాతానికి సరిపడా వచ్చి ఆగిపోతుంది. ఎన్ని వందల టర్న్‌లు ఆడినా అంతే. కాబట్టి వెనక నుంచి ముందుకు లెక్క వేయండి. ముందుగా, బాగా ముదిరిన ఒక పెద్ద నగరం ఎంత స్క్వాలర్‌ను తట్టుకోవాలో నిర్ణయించుకోండి. దానికి సరిపడా ప్లస్‌లు మాత్రమే ఇవ్వండి.

మీరు కట్టిన మురుగు కాలువలు, స్నానశాలలు ఎందుకు నిలబెట్టలేకపోయాయో కూడా దీంతోనే తెలుస్తుంది. ఈ ఆటలో ఆరోగ్య బోనస్ రెండు పనులు చేస్తుంది. పబ్లిక్ ఆర్డర్ పెంచుతుంది, జనాభా పెరుగుదల కూడా పెంచుతుంది. కట్టిన వెంటనే నగరం ముఖం వికసిస్తుంది. కానీ మరుసటి టర్న్ నుంచే జనం ఇంకొంచెం వేగంగా పెరుగుతారు, ఆ పెరుగుదలను మింగడానికి స్క్వాలర్ ఇంకొంచెం పైకి వెళ్తుంది. కట్టినందుకు దక్కిన లాభంలో పెద్ద భాగం కొన్ని టర్న్‌లలోనే కరిగిపోతుంది. మీరు 'మళ్లీ మొదటికే' అని రాసింది సరిగ్గా ఇదే. సెరీస్ గుడి లాంటి పెరుగుదల గుళ్లదైతే మరీ అన్యాయం. అవి ఆర్డర్ వైపు ఇచ్చేది తక్కువ, పెరుగుదలకు ఇచ్చేది ఎక్కువ. సారవంతమైన ప్రాంతంలో అలాంటి గుడి కట్టడమంటే తిరుగుబాటును ముందుకు జరపడమే.

ఇక్కడ చరిత్ర కూడా మీ పక్షానే ఉంది. రోమ్ నగరానికి మొదటి నీటి వంతెన, ఆక్వా ఆపియా, క్రీ.పూ. 312లో వచ్చింది. క్రీ.శ. 226 నాటికి అవి 11 అయ్యాయి. అన్ని నీళ్లు వచ్చినా ఆ నగరంలో పుట్టేవాళ్ల కంటే చనిపోయేవాళ్లే ఎక్కువని, బయటి నుంచి జనం వచ్చి చేరుతుంటేనే జనాభా నిలబడిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. కాబట్టి నీటి వంతెన కట్టగానే జనం పిల్లాపాపలతో పెరిగిపోవాలన్న అసలు ఆట లెక్కను మీరు పాటించనక్కర్లేదు. మీ మోడ్‌లో పెద్ద నీటి కట్టడాల నుంచి ఆరోగ్య బోనస్ తగ్గించి, దాని బదులు సంతోషం బోనస్ ఇవ్వండి. సంతోషం, చట్టం అనే రెండు బోనస్‌లూ ఆర్డర్ పెంచుతాయి, జనాభాను ముట్టుకోవు. ముదిరిన నగరాలకు కావలసింది అవే. ఆటగాడు కట్టిన దానికి ఫలితం కూడా నిలకడగా కనిపిస్తుంది.

స్క్వాలర్ ఒక్కటే అయితే తిరుగుబాటు ఇంత హఠాత్తుగా రాదు. దానితో పాటు మరో మూడు కలిసి వస్తాయి, అవన్నీ ఒకే సమయానికి వస్తాయి. మొదటిది, జనాభా జోరుగా పెరిగేటప్పుడు ఆట ఆర్డర్‌కు కొంత బోనస్ ఇస్తుంది. పెరుగుదల ఆగగానే అది పోతుంది. అంటే స్క్వాలర్ గరిష్ఠంగా ఉన్న రోజే ఈ బోనస్ సున్నా. రెండోది గ్యారిసన్. ఆర్డర్‌కు గ్యారిసన్ ఇచ్చే శాతం, సైనికుల సంఖ్యను జనాభాతో పోల్చి లెక్కిస్తారు, అదీ 80 దాటదు. 6000 జనాభాకు సరిపోయిన దళాలు 24000కు నాలుగో వంతే పనిచేస్తాయి. ఆటగాడు ఏమీ తగ్గించలేదు, అయినా తగ్గింది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. గవర్నర్ భవనం ఒక మెట్టు పెరిగినప్పుడల్లా స్క్వాలర్ కొంత దిగుతుంది. ఆ మెట్లు 400, 2000, 6000, 12000, 24000 జనాభాల దగ్గర ఉన్నాయి. ఐదో మెట్టు దాటాక ఇంకేమీ లేదు. అక్కడి నుంచి స్క్వాలర్ పైకి పోవడమే తప్ప దిగడం ఉండదు. మీ నాలుగు నగరాలు వందో టర్న్ తర్వాతే ఎందుకు పేలుతున్నాయంటే, అప్పటికి అవి ఐదో మెట్టు దాటాయి.

ఈ ఐదు మెట్లలోనే మీ రెండో సమస్యకు కూడా పరిష్కారం ఉంది. మీరు భూసారం తగ్గించినప్పుడు గాల్, జర్మేనియా ఊళ్లు ఆగిపోయాయి. కారణం, భూసారం అనేది ప్రాంతానికి ఒకసారి ఇచ్చే నంబర్. ఊరు చిన్నగా ఉన్నప్పుడూ అంతే, మహానగరమైనా అంతే. మనకు కావలసింది చిన్నప్పుడు ఎక్కువ, పెద్దయ్యాక తక్కువ. ఆ పని గవర్నర్ భవనం చేయగలదు.

భవనాల ఫైలు తెరవండి, అదే మోడర్లు ఈడీబీ అని పిలిచే ఎక్స్‌పోర్ట్_డెస్కర్_బిల్డింగ్స్. అందులో కోర్_బిల్డింగ్ అనే వరస కింద ఐదు స్థాయిలు ఉంటాయి: గవర్నర్స్_హౌస్, గవర్నర్స్_విల్లా, గవర్నర్స్_ప్యాలెస్, ప్రోకాన్సల్స్_ప్యాలెస్, ఇంపీరియల్_ప్యాలెస్. ఒక్కో స్థాయికి సామర్థ్యాల జాబితా వేరుగా ఉంటుంది. భవనం పై స్థాయికి వెళ్తే కింది స్థాయి బోనస్ ఆగిపోతుంది, రెండూ కలవవు. మనకు అదే కావాలి. మొదటి స్థాయికి జనాభా పెరుగుదల బోనస్ 4 ఇవ్వండి, రెండోదానికి 3, తర్వాత 2, 1, చివరిదానికి ఏమీ వద్దు. బోనస్‌లో ఒక్కో అంకె అర శాతం. అంటే చిన్న ఊరికి 2 శాతం అదనంగా దొరుకుతుంది, మహానగరానికి సున్నా. ఆ తర్వాత అన్ని ప్రాంతాల భూసారాన్ని ధైర్యంగా తగ్గించవచ్చు. సాధారణ ప్రాంతాలకు 1 నుంచి 3 లోపు ఉంచండి, నైలు నది ప్రాంతానికి 4 ఇవ్వండి. భూసారంలోనూ ఒక్కో అంకె అర శాతమే.

లెక్క చూద్దాం. జర్మేనియాలో ఒక ఊరు: భూసారం అర శాతం, మొదటి మెట్టు పొలాలు అర శాతం, గవర్నర్ ఇల్లు 2 శాతం, మొత్తం 3. ఈ వేగంతో 400 నుంచి 2000 చేరడానికి సుమారు 54 టర్న్‌లు పడుతుంది. ఏడాదికి రెండు టర్న్‌లు కాబట్టి 27 సంవత్సరాలు. క్రీ.పూ. 270 నుంచి క్రీ.శ. 14 వరకు సాగే ఆటలో అది న్యాయమైన వేగమే. ఇక అలెగ్జాండ్రియా: భూసారం 2, పొలాలు 1, ఆరోగ్యం అర, వర్తకం అర, గవర్నర్ భవనం సున్నా. మొత్తం 4 శాతం. మీ పాత 9తో పోల్చండి. పొలాల ఐదు మెట్లలో పై మూడింటికి పెరుగుదల పెంచకుండా ఆదాయం మాత్రమే ఇవ్వండి. ఇది ఎందుకు తప్పనిసరో పొలాల సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

ఒక తెలివైన ఆటగాడు పెరుగుదల బోనస్ పోతుందని గవర్నర్ భవనం పెంచడం వాయిదా వేయవచ్చు. వేయనివ్వండి. కింది స్థాయి భవనంతో పెద్ద జనాభాను మోస్తే స్క్వాలర్ విపరీతంగా పెరుగుతుంది, పై స్థాయి కట్టడాలు కూడా దొరకవు. అది నిజంగా ఆలోచించాల్సిన నిర్ణయం. మోడ్‌లో అలాంటివి ఎన్ని ఉంటే అంత మంచిది.

పొలాల సంగతి. ఈ ఆటలో వ్యవసాయ స్థాయి అనే ఒకే నంబర్ జనాభా పెరుగుదలనూ, పంట ఆదాయాన్నీ రెండింటినీ నడుపుతుంది. భూసారం కోస్తే ఖజానా కూడా ఎండుతుంది. ఈ లోటు పూడ్చకపోతే మీ టెస్టర్లు 'నగరాలు బాగున్నాయి కానీ డబ్బు లేదు' అంటారు, మీరు మళ్లీ భూసారం పెంచుతారు, కథ మొదటికొస్తుంది. కాబట్టి పై మెట్టు పొలాలకు వ్యవసాయ స్థాయి పెంచకుండా పన్ను ఆదాయం బోనస్ పెట్టండి. ఆటగాడు కట్టినందుకు డెనారీ (ఆటలోని డబ్బు) వస్తాయి, జనం పెరగరు. ఇంకో విషయం కూడా గుర్తుంచుకోండి. సైన్యం ఖర్చును ఆట అన్ని పట్టణాల మీద జనాభా నిష్పత్తిలో పంచి చూపిస్తుంది. అందుకే పెద్ద నగరం నష్టంలో ఉన్నట్టు కనబడుతుంది. టెస్టర్లలో ఎవరైనా 'రోమ్ ప్రతి టర్న్ నష్టం చూపిస్తోంది' అని రాస్తే వెంటనే ఏమీ మార్చకండి. మొత్తం ఖజానా లెక్క చూడండి.

గాల్ ఊళ్లు ఎదగకపోవడానికి భూసారం సగమే కారణం. మిగతా సగం యూనిట్ సైజు. మీ టెస్టర్లు ఏ సైజులో ఆడుతున్నారో మీరు రాయలేదు. దయచేసి అడగండి. సైనికులను చేర్చుకున్నప్పుడల్లా ఆ సంఖ్య ఊరి జనాభాలోంచి పోతుంది. మామూలు సైజులో 40 మంది ఉండే దళం చిన్న సైజులో 20, పెద్ద సైజులో 80, అతిపెద్ద సైజులో 160 అవుతుంది. జనాభా మెట్లు మాత్రం మారవు. 900 జనాభా ఉన్న ఊరిలో, 1.5 శాతం పెరుగుదలతో, 160 మంది దళం ఒకటి తీస్తే ఆ లోటు పూడటానికి సుమారు 13 టర్న్‌లు కావాలి. అదే 20 మంది దళమైతే 2 టర్న్‌లు చాలు. ఏఐ (కంప్యూటర్ నడిపే రాజ్యాలు) ప్రతి రెండు మూడు టర్న్‌లకు ఒక దళం తీస్తూనే ఉంటుంది. కాబట్టి అతిపెద్ద సైజులో ఆ ఊరు ఎప్పటికీ ఎదగదు, చిన్న సైజులో ఆడేవాళ్లకు అదే ఊరు చకచకా నగరమైపోతుంది. ఇద్దరూ ఒకే మోడ్ ఆడుతున్నారు, కానీ ఇద్దరి ఫిర్యాదులూ పూర్తిగా తలకిందులుగా ఉంటాయి. ఇద్దరినీ తృప్తిపరచే నంబర్ లేదు. ఒక సైజు ఎంచుకోండి, దానికే లెక్కలు కట్టండి, రీడ్‌మీ ఫైలులో మొదటి వరసలోనే రాయండి. నేనైతే అతిపెద్ద సైజు ఎంచుకుంటాను. అక్కడ సైన్యం పెంచడమంటే జనాన్ని వదులుకోవడమే. ఆ బరువు ఆటగాడికి తెలుస్తుంది. పైగా పెద్ద నగరాల జనాభాను దించడానికి అదే సహజమైన మార్గం.

ఇప్పుడు ఊచకోతకు బదులు ఆటగాడి చేతికి ఏమివ్వాలన్నది. ఈ మోడ్‌లో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే భాగం ఇదే. దళాన్ని ఒక నగరంలో చేర్చుకుని, నడిపించుకుంటూ వెళ్లి ఇంకో ఊరిలో రద్దు చేస్తే ఆ మనుషులు ఆ ఊరి జనాభాలో కలుస్తారు. పాత ఆటగాళ్లు రైతు దళాలతో ఈ పని చేస్తూనే ఉన్నారు. మామూలు సైజులో 60 మంది, అతిపెద్ద సైజులో 240 మంది. కానీ అసలు ఆటలో ఇది ఎవరూ చెప్పని చిట్కాగానే ఉండిపోయింది. మీరు దీన్ని బహిరంగం చేయండి. 'వలస కుటుంబాలు' అని ఒక యూనిట్ పెట్టండి. 60 మంది, యుద్ధానికి పనికిరానివాళ్లు, ప్రతి టర్న్‌కీ అయ్యే పోషణ ఖర్చు దాదాపు లేనట్టే. ప్రోకాన్సల్ ప్యాలెస్ ఆపైన ఉన్న నగరాల్లో మాత్రమే దొరకాలి. యూనిట్ వివరణలో దాన్ని దేనికి వాడాలో రాయండి.

రోమన్లు చేసింది ఇదే. క్రీ.పూ. 123లో గయస్ గ్రాకస్ ట్రిబ్యూన్ (సామాన్య ప్రజల ప్రతినిధి) అయ్యాక నగర పేదలను కాలనీలకు పంపే పథకాలు తెచ్చాడు, పాడుబడిన కార్తేజ్ స్థలంలో కూడా ఒకటి మొదలుపెట్టించాడు. జూలియస్ సీజర్ 80,000 మంది పౌరులను సముద్రం అవతలి కాలనీలకు పంపాడని రోమన్ చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు. ధాన్యం పంపిణీ పొందేవాళ్ల సంఖ్యను 320,000 నుంచి 150,000కు తగ్గించినవాడూ సీజరే. అంటే కిక్కిరిసిన నగరాన్ని ఖాళీ చేయడం ఆ కాలపు రాజకీయాల్లో నిజమైన, పెద్ద ప్రశ్న. మీ ఆటగాడు రోమ్ నుంచి నాలుగు దళాల కుటుంబాలను తీసుకెళ్లి, యుద్ధంలో ఖాళీ అయిన ఏ స్పెయిన్ పట్టణంలోనో దింపితే ఇటు స్క్వాలర్ తగ్గుతుంది, అటు ఊరు నిలబడుతుంది. ఒక్క కత్తి దూయకుండా రెండు సమస్యలు తీరతాయి. దారిలో దొంగలు ఎదురైతే ఆ కుటుంబాలను కాపాడుకోవాలి కూడా. ఊచకోత బటన్ దగ్గర ఈ ఆలోచన ఏదీ ఉండదు.

ఒక జాగ్రత్త: ఏఐకి ఇది అర్థం కాదు. చౌకగా ఉంటే దండిగా చేర్చుకుని యుద్ధానికి పంపుతుంది. కాబట్టి చేర్చుకునే ఖర్చు ఎక్కువ పెట్టండి, ఆటగాడు ఎంచుకునే రాజ్యాలకే పరిమితం చేయండి.

ధాన్య పంపిణీని కూడా ఒక భవనంగా పెట్టమని నా సలహా. సంతోషం బాగా పెంచాలి, పెరుగుదల బోనస్ 1 కూడా ఇవ్వాలి. పొలాల్లో కూలి చేసుకునే యువకులు పంపిణీలకు ఆశపడి రోమ్ చేరారని ఆ కాలపు చరిత్రకారుడు సాలుస్ట్ రాశాడు. ఇవాళ్టి అల్లర్లు ఆపుతుంది, రేపటి రద్దీ పెంచుతుంది. 12000 దగ్గర ఉన్న నగరానికి అది వరం, ఐదో మెట్టు దాటిన నగరానికి భారం. కూల్చేద్దామా ఉంచుదామా అని ఆటగాడు నిజంగా తల పట్టుకోవాలి.

బానిసల సంగతి చిన్నదే. గెలిచిన నగర ప్రజలను బానిసలుగా తీసుకుంటే దాదాపు సగం మంది గవర్నర్ ఉన్న మీ నగరాలకు పంపిణీ అవుతారు. గవర్నర్ రోమ్‌లోనే కూర్చుంటే వాళ్లు రోమ్‌కే వస్తారు. ఆ టర్న్‌కి గవర్నర్‌ను నగరం బయట నిలబెడితే చాలు. ఈ విషయం ఆటగాడికి తెలిసేలా మోడ్ సూచనల్లో ఒక వాక్యం రాయండి, ఫైళ్లలో మార్చాల్సింది ఏమీ లేదు. పన్నులూ అంతే. తక్కువ పన్ను పెరుగుదలను పెంచుతుందని, ఎక్కువ పన్ను తగ్గిస్తుందని గుర్తుచేస్తే సరిపోతుంది.

పరీక్షించడానికి ప్రతిసారీ వంద టర్న్‌లు ఆడకండి. ఆట కన్సోల్ (ఆదేశాలు టైప్ చేసే పెట్టె) తెరిచి యాడ్_పాప్యులేషన్ కమాండ్‌తో అలెగ్జాండ్రియా జనాభాను 24000 దాటించండి. గవర్నర్ భవనం చివరి స్థాయికి పెంచాక, జనాభాను కొంచెం కొంచెంగా పెంచుతూ పెరుగుదల సున్నా అయ్యే చోటు పట్టుకోండి. ఆ చోట పబ్లిక్ ఆర్డర్ ఎంత ఉందో చూడండి. సాధారణ గవర్నర్, నాలుగైదు దళాల గ్యారిసన్, మామూలు పన్నుతో నగరం తిరగబడకుండా నిలబడితే మీ నంబర్లు సరైనవి. నిలబడకపోతే ప్లస్‌ల మొత్తంలోంచి అర శాతం తీసి మళ్లీ చూడండి. రాజధానికి దూరంగా ఉన్న నగరంలో కూడా ఇదే చేయండి, ఎందుకంటే దూరం కూడా ఆర్డర్‌ను కోస్తుంది. రోమ్‌లో సరిపోయిన లెక్క అంటియోక్‌లో సరిపోకపోవచ్చు. అన్నిటికంటే కష్టమైన నగరానికి సరిపోయేలా నంబర్ పెట్టండి, తేలికైనవి వాటంతట అవే కుదురుకుంటాయి.

ఆ తర్వాత మాత్రం ఒకసారి ఏమీ ముట్టుకోకుండా, ఒక మూల రాజ్యం తీసుకుని టర్న్‌లు ముగిస్తూ పోండి. 50, 100, 150 టర్న్‌ల దగ్గర గాల్‌లో రెండు ఊళ్లు, జర్మేనియాలో ఒకటి, తూర్పున రెండు నగరాల జనాభా రాసుకోండి. ఏఐ చేతిలో మోడ్ ఎలా నడుస్తుందో కన్సోల్ చెప్పదు, ఇదే చెబుతుంది.

భూసారం మార్చినా ఏమీ మారలేదని అనిపిస్తే కంగారుపడకండి. ప్రాంతాల ఫైలు మార్చిన ప్రతిసారీ మ్యాప్.ఆర్‌డబ్ల్యూఎం అనే ఫైలును తీసేసి, కొత్త క్యాంపెయిన్ మొదలుపెట్టాలి. ఆట దాన్ని మళ్లీ తయారు చేసుకుంటుంది. తీయకపోతే పాత నంబర్లతోనే నడుస్తుంది. చాలామంది ఇక్కడే రోజులు పోగొట్టుకుంటారు.

మీ బీటా ఆటగాళ్ల సేవ్‌లకు వచ్చే ఇబ్బంది కూడా ఇదే. భూసారం మార్పులు వాళ్ల పాత క్యాంపెయిన్‌లో రావు. భవనాల నంబర్లు మాత్రమే మారిస్తే నగరాలు అటూ ఇటూ కాని లెక్కలో ఇరుక్కుంటాయి. గాల్ ఊళ్లు విపరీతంగా పెరుగుతాయి, ఈజిప్టు అలాగే ఉంటుంది. కాబట్టి రెండు మార్పులనూ ఒకే వెర్షన్‌లో ఇవ్వండి, విడగొట్టకండి. వెర్షన్ నంబర్ పెంచి, వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అయ్యేలా చేసి, పాత క్యాంపెయిన్ పూర్తి చేయాలనుకునేవాళ్లు పాత ఫోల్డర్ ఉంచుకోవాలని రాయండి. సగం ఆట ఆడినవాళ్లు దాన్ని వదులుకోవాల్సి వస్తే బాధపడతారు, ముందే చెబితే అర్థం చేసుకుంటారు. వలస కుటుంబాల యూనిట్ మాత్రం ఈ వెర్షన్‌లో పెట్టకండి. పెరుగుదల నంబర్లు కుదిరాయని తేలాక, తర్వాతి వెర్షన్‌లో ఇవ్వండి. రెండూ ఒకేసారి వస్తే నగరాలు ప్రశాంతంగా ఉన్నది దేనివల్లో మీకు తెలియదు.